ఏమైందని అడిగే మేడం

నరసరావుపేటలో హెడ్మాస్టర్లకు శిక్షణ పెట్టారంటే రెండు సంగతులు ఖాయం. భోజనంలో సాంబారు చల్లగా ఉంటుంది, భోజనం అయ్యాక ప్రొజెక్టరు పనిచేయదు. మొన్నటి శిక్షణలో ప్రొజెక్టరు పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. భావోద్వేగ ప్రజ్ఞ, సమర్థ నాయకత్వం అంటూ ఒక కుర్రాడు తెర మీద గుండ్రటి బొమ్మలు చూపించి, వాటి మధ్య బాణాలు గీసి, "మీరు స్వయంగా చూసిన గొప్ప నాయకుడి పేరు కాగితం మీద రాయండి సార్" అన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు క్షణంలో దేశనాయకుల పేర్లు రాసి పడేశారు. ఒకాయన తన పేరే రాసుకున్నాడని నా అనుమానం. ఎవరికీ కనపడకుండా చేత్తో కప్పి పెట్టుకున్నాడు.

నేను కలం మూత కూడా తీయలేదు. ఆ వారంలోనే పిడుగురాళ్ల వెళ్లి, ఒకప్పటి మా బడి మేడం ఫోటోకి దండ వేసి వచ్చాను. ఇంకా ఆ దిగులు తీరలేదు. పేరు రాస్తే ఆ కుర్రాడు "ఎవరు సార్ ఈవిడ, రెండు నిమిషాల్లో చెప్పండి" అంటాడు. రెండు నిమిషాల్లో చెప్పే మనిషి కాదు. అందుకే ఖాళీ కాగితం ఇచ్చి వచ్చి, ఇంటి దగ్గర తీరిగ్గా ఇది రాస్తున్నాను. ఇక్కడా పేరు రాయను. పేరు రాస్తే ఆవిడకు నచ్చదు.

గురజాల దాటి సాగర్ కాలవ పక్కనే పోతే వచ్చే ఊళ్లో హైస్కూలు. ఆ ఊరి పేరూ చెప్పను, చెబితే ముందు ఏ బజారు వాళ్ళు ఫోన్ చేస్తారో నాకు తెలుసు. ఊరికి పైబజారు, కిందబజారు అని రెండు బజార్లు. పంచాయతీ ఎన్నిక దగ్గర్నుంచి కొళాయి గొట్టం దాకా అన్నిటికీ రెండు పక్షాలు. పైబజారు వాళ్ళు వాన పడిందంటే కిందబజారు వాళ్ళు చెయ్యి చాపి చూసిగాని ఒప్పుకోరు. నేను ఆ బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా వచ్చారు. పొట్టి మనిషి, నేత చీర, కాళ్ళకు బాటా చెప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా. చూస్తే ఎవరూ భయపడే మనిషి కాదు. ఈ ఊళ్లో ఈవిడ ఏం నెగ్గుకొస్తుందిలే అని స్టాఫ్ రూములో అందరం అనుకున్నాం.

వచ్చిన మొదటి రోజునే స్టాఫంతటినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "మాస్టార్లూ, ఈ ఊళ్లో టీ తాగితే రెండు బజార్లలోనూ తాగండి. లేదంటే అసలు తాగొద్దు. ఒకచోటే తాగితే మాత్రం మీరు ఏం మాట్లాడినా ఆ టీ మాట్లాడినట్టే ఉంటది." మేం నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం పాటించారు. ఏదైనా పని మీద పైబజారులో ఎవరింటికైనా వెళితే, తిరిగి వచ్చేటప్పుడు కిందబజారులో ఆగి ఇంకో గ్లాసు తాగాల్సిందే. షుగరున్న మనిషి, ఆ తీపి నీళ్ళు రెండు గ్లాసులు తాగి వచ్చి సీసా ఎత్తి గటగటా మంచినీళ్ళు తాగుతుంటే మాకే జాలేసేది.

క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టే పద్ధతి కూడా ఆవిడే మార్చారు. అంతకు ముందు పైబజారు పిల్లలు కిటికీ వైపు, కిందబజారు పిల్లలు గోడ వైపు కూర్చునేవాళ్ళు. ఎవరూ చెప్పి పెట్టిన ఏర్పాటు కాదు, అలా జరిగిపోయింది. ఈవిడ బడి తెరిచిన రోజున పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి, ఎత్తు ప్రకారం లైను కట్టించి, ఆ వరసలోనే బెంచీలకు పంపారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. తల్లిదండ్రులు వచ్చి గొణిగితే, "ఎత్తుకు పార్టీ ఏముంది అన్నయ్యా, మీవాడు ఇంకో జానెడు పెరిగితే వెనక్కి పోతాడు" అనేవారు. వాళ్ళు పిల్లాడి ఎత్తు ఒకసారి చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆవిడ దగ్గర నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. పిల్లాడు ఆలస్యంగా వచ్చినా, టీచరు సెలవు చెప్పకుండా మానేసినా, వంట మనిషి పప్పు మాడ్చినా, ఆవిడ నోటి నుంచి "ఎందుకు" అనే మాట వచ్చేది కాదు. "ఏమైంది?" అనేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు అంటే పోలీసు అడిగినట్టుంటది మాస్టారూ, ఎదుటి మనిషి అబద్ధం వెతుక్కుంటాడు. ఏమైంది అంటే చుట్టం అడిగినట్టుంటది. సగం మంది నిజమే చెప్తారు" అన్నారు. మిగతా సగం సంగతేమిటన్నాను. "వాళ్ళని రెండోసారి అడుగుతా" అన్నారు.

అలాగని ఆవిడకు కోపం రాదనుకుంటే పొరపాటు. వచ్చేది, బాగానే వచ్చేది. కోపం వస్తే మాత్రం మాట్లాడేవారు కాదు. కుర్చీలోంచి లేచి చేతిపంపు దగ్గరికి వెళ్లి, ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చేవారు. అప్పుడు, "రండి సార్, గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్ వేద్దాం" అని ఆ తప్పు చేసినవాణ్ణి వెంటపెట్టుకుని నడిచేవారు. పదిమందిలో ఎవర్నీ ఒక్క మాట అన్నది లేదు. ఏం అన్నా ఆ నడకలోనే. అందువల్ల స్టాఫ్ రూములో "మేడం ముఖం కడుక్కుంటన్నారు" అని ఎవరైనా అంటే చాలు, అందరం మా మా పాపాలు గుర్తు తెచ్చుకునేవాళ్ళం.

లోపాలు లేని మనిషేం కాదు. ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టులంటే పరమ బద్ధకం. సెల్‌ఫోన్లో హాజరు వేసే యాప్‌తో రోజూ పోట్లాటే. ఒకసారి మండల ఆఫీసు గ్రూపులో మరుగుదొడ్ల ఫోటోలు పంపమంటే, తన మేనకోడలి సీమంతం ఫోటోలు పంపారు. పైనుంచి చీవాట్లు వస్తే నా ముఖం చూసి, "మాస్టారూ, ఆ గాజులు బాగున్నాయని ఒక్కరూ అన్లేదు చూడండి" అన్నారు. ఆవిడ ఎగ్గొట్టిన కాగితాల పనంతా నా నెత్తిన పడేది. నేను విసుక్కుంటూనే చేసేవాణ్ణి, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పబోయేది ఆవిడ అక్కడ పనిచేసిన చివరి ఏడాది సంగతి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఊరంతా మిరప కోతలు.

మా బడికి కొత్తగా ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, పాఠం అద్భుతంగా చెబుతాడు. నోరు మాత్రం పదును. టీ సంగతి ఆవిడ అతనికీ చెప్పారు. అతను నవ్వేసి, బండి పెట్టుకునే చోటికి దగ్గరగా ఉందని రోజూ కిందబజారు బంకులోనే తాగేవాడు. కిందబజారు వాళ్ళు అతని దగ్గర డబ్బులు కూడా తీసుకోవడం మానేశారు. ఏ బజారు ఏమిటో తెలుసుకోవాలన్న ఆలోచన కూడా అతనికి లేదు.

పదో తరగతిలో శైలజ అని ఒక అమ్మాయి ఉండేది. పైబజారు పెద్దరైతు కూతురు, క్లాసులో మొదటి రెండు మూడు స్థానాల్లో ఉండే పిల్ల. ఆమె పక్కన కూర్చునేది మౌనిక. మౌనికది కిందబజారు. ఇద్దరూ ఒకే ఎత్తు, అందుకని ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. మౌనిక వాళ్ళ పెదనాన్నకు ఒక కాలు అవిటి. చాలా ఏళ్ళ కిందట ఊళ్లో ఎన్నికల గొడవల్లో ఆయన్ని రాత్రిపూట కాపు కాసి కొట్టారు. ఆ కేసులో శైలజ వాళ్ళ నాన్న ముద్దాయి. కోర్టుకు వచ్చేసరికి సాక్షులు ఒక్కొక్కరూ మాట మార్చారు, కేసు కొట్టేశారు. పెదనాన్న మాత్రం ఈరోజుకీ చేతికర్ర లేకుండా నడవలేడు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ బయటికి అనరు.

ఒకరోజు శైలజ హోంవర్క్ చేసుకురాలేదు. పుస్తకం ఇంటి దగ్గర మర్చిపోయానని చెప్పింది. లెక్కల మాస్టారు నమ్మలేదు. క్లాసంతా వింటుండగా, "అబద్ధం చెప్పినా తడుముకోకుండా చెప్తన్నావు. సాక్షులకు నేర్పినట్టు నీకూ ఇంట్లో నేర్పారా?" అన్నాడు. ఆ కేసు సంగతి అతనికి టీ బంకు దగ్గర తెలిసింది. ఏదో చమత్కారంగా అన్నాననుకున్నాడు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు.

శైలజ ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి వెళ్ళింది. మర్నాడు బడికి రాలేదు. వాళ్ళ నాన్న వచ్చాడు.

ఒక్కడే వస్తే బాగుండేది. వెంట పైబజారు మగవాళ్ళు డజను మంది దాకా ఉన్నారు. గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి అసెంబ్లీకి పిల్లలు లైన్లు కడుతున్నారు. "ఎక్కడ్రా ఆ లెక్కల మాస్టారు?" అని ఒకడు అరిచాడు. ఇంతలో రోడ్డుకు అవతల కిందబజారు వాళ్ళు గుమిగూడారు. "మా మాస్టారి మీద చెయ్యి పడితే చూసుకుందాం" అని వాళ్ళు. అంతకు ముందు రోజు దాకా అతను ఎవరికీ మా మాస్టారు కాదు. లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో బీరువా పక్కన నక్కాడు.

ఆవిడ వరండా దిగి వెళ్లి, చాలా మామూలుగా, "అన్నయ్యా, ప్రేయర్ టైమైంది. పిల్లలు నిలబడ్డారు. అయిపోనీయండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. రోడ్డు అవతలి వాళ్ళకు కూడా వినపడేటట్టు, "మీరూ లోపలికి రండి, ఎండలో నిలబడొద్దు" అన్నారు. వాళ్ళూ వచ్చారు. బెల్లు కొట్టించారు. ప్రార్థన మొదలైంది. పిల్లల ముందు అరవడం ఎవరికీ చేతకాలేదు. ప్రతిజ్ఞ దగ్గర పిల్లలంతా చెయ్యి చాపారు. ముందు వరసలో పైబజారు ముసలాయన ఒకడు, చిన్నప్పటి అలవాటేమో, తనూ చాపాడు. పక్కనున్నవాడు అతన్ని చూసి చాపాడు. కిందబజారు వాళ్ళు మేమేం తక్కువా అన్నట్టు వాళ్ళూ చాపారు. ఆ దృశ్యం చూసి నాకు అంత భయంలోనూ నవ్వొచ్చింది.

తరవాత శైలజ వాళ్ళ నాన్నను ఒక్కణ్ణే గదిలోకి పిలిచారు. నన్నూ ఉండమన్నారు. కుర్చీ వేయించి, "ఏమైంది అన్నయ్యా?" అన్నారు. తెలియక కాదు. ఆయన మొదట కేకలు వేశాడు, తరవాత వివరంగా చెప్పాడు, చివరికి గొంతు తగ్గింది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆ మాస్టారు ఊరి సెంటర్లో, పదిమంది ముందర నాకు చెప్పుకోవాలి మేడం, తప్పయిందని" అన్నాడాయన.

"సారు తప్పే అన్నాడు. చెప్పుకోవాలి. నేను కాదన్ను. సారు అన్నది ఎవర్ని?"

"ఎవర్నేంది, మా ఇంటినే అన్నాడు."

"మాట పడింది పిల్ల. చెప్పుకోవాల్సింది పిల్లకి. అది ఏమంటదో మీరు అడిగారా?"

"దాన్నడిగేదేంది మేడం. నేను చెప్తన్నాగా."

"నేనొచ్చి అడుగుతా అన్నయ్యా. అందాకా ఆగండి."

ఎందుకో ఆగుతానన్నాడు. అటు కిందబజారు వాళ్ళు, మాస్టారు ఎక్కడ క్షమాపణ చెప్పినా అది తమ ఓటమే అని తేల్చి చెప్పి వెళ్ళారు. చెబితే ఒక బజారు ఊరుకోదు, చెప్పకపోతే ఇంకో బజారు ఊరుకోదు. పరీక్షలేమో నెత్తి మీద ఉన్నాయి. లెక్కల మాస్టారు సెలవు పెట్టి ఊరికి వెళ్ళిపోతానన్నాడు. ఆవిడ పంపు దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి, అతన్ని రౌండుకు తీసుకెళ్ళారు. ఆ నడకలో ఏమన్నారో తరవాత అతనే నాతో చెప్పాడు. "మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది, అది మీకూ తెలుసు. భయంతో చేస్తే ఆ పిల్లకి తెలిసిపోయిద్ది. కాబట్టి ముందు భయం తగ్గించుకోండి. గేటు దగ్గర నేనుంటా" అన్నారట. వెళ్ళిపోవద్దని ఒక్క మాట కూడా అనలేదట. అతను వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నా బండి వెనక కూర్చుని ఆవిడ శైలజ వాళ్ళ కళ్ళానికి వచ్చారు. కళ్ళమంటే కోసిన మిరపకాయలు ఆరబోసే చోటు. నేలంతా ఎర్రగా పరిచి ఉంది. కూలి ఆడవాళ్ళతో పాటు శైలజ కూడా కూర్చుని తాలుకాయలు ఏరుతోంది, అంటే రంగు పోయి తెల్లబడిన కాయల్ని మంచి కాయల్లోంచి వేరు చేస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. "కూర్చోవే" అని ఆవిడ కూడా పక్కనే పట్టా మీద చతికిలబడి ఏరడం మొదలుపెట్టారు. బడి ఊసు ఎత్తలేదు. ఈసారి కాపు ఎట్టా ఉందని ఒకళ్ళని, మనవడికి జ్వరం తగ్గిందా అని ఇంకొకళ్ళని అడుగుతున్నారు. తుమ్ముల మీద తుమ్ములు. మంచి కాయల్ని తాలు కుప్పలో వేస్తుంటే శైలజ మాట్లాడకుండా తీసి ఇటు వేస్తోంది. కాసేపటికి, "మేడం, ఆ కొస తెల్లగా ఉంటేనే తాలు" అంది. ఆ రోజు ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఎండ తగ్గింది. కూలీలు లేచి వెళ్ళారు. నేను కాస్త దూరంగా బండి మీద కూర్చున్నాను. ఆవిడ ఇంకా ఏరుతూనే ఉన్నారు. చాలాసేపటికి శైలజే అంది.

"సార్ అన్నది అబద్ధమైతే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని మేడం."

ఆవిడ తల ఎత్తలేదు. చెయ్యి కూడా ఆపలేదు.

"మౌనిక నా పక్కనే ఉంది. అది కూడా విన్నది. వాళ్ళ పెదనాన్న రోజూ బడి ముందర నుంచే కర్ర పట్టుకుని పోతాడు. ఇంక దాని పక్కన నేనెట్టా కూర్చోవాలి మేడం?"

ఊరంతా మాస్టారు క్షమాపణ చెప్పాలా వద్దా అని కొట్టుకు చస్తోంది. ఆ పిల్ల బాధ అసలు అది కాదు. బడి మానేసింది మాస్టారి వల్ల కాదు, తన బెంచీలో పక్కనున్న పిల్ల ముఖం చూడలేక. ఆవిడ నీకేం సంబంధం అనలేదు, అవన్నీ పెద్దవాళ్ళ గొడవలు అనలేదు, పరీక్షలు ముఖ్యం కదా అని కూడా అనలేదు. ఆ స్థానంలో నేనుంటే ఆ మూడూ అనేసి ఉండేవాణ్ణి. "చానా బరువు మోస్తన్నావే" అన్నారు. అంతే. శైలజ అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఆ మిరప చేతులతో ముఖం తుడవకూడదని, తన మోచెయ్యి ఆ పిల్ల వీపు మీద ఆనించి కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ వంతెన దగ్గర బండి ఆపమని, దిగి వెళ్లి ముఖం కడుక్కున్నారు. "కోపమొచ్చిందా మేడం?" అన్నాను. "కోపమేంది మాస్టారూ. ఘాటు" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను బండి స్టార్టు చేశాను.

మర్నాడు మౌనికను గదిలోకి పిలిచారు. శైలజ చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా బయట పెట్టలేదు. "శైలజ రావట్లేదు. ఏమైందో నీకేమన్నా తెలుసా?" అన్నారు.

"తెలుసు మేడం. నన్ను చూసి సిగ్గుపడుతుంది" అంది ఆ పిల్ల. తడుముకోకుండా అంది. "నన్ను వాళ్ళింటికి తీసుకుపోండి. నేను మాట్లాడతా."

కిందబజారు పిల్ల పైబజారులో, అందులోనూ ఆ ఇంటికి. ఆవిడ వెంటనే సరేననలేదు. ఇంటి దగ్గర అడగాలి అన్నారు. అడగాల్సింది ఎవర్నో కూడా ఆవిడకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఇద్దరం మౌనిక వాళ్ళింటికి వెళ్లి, ఆ పెదనాన్న ఎదురుగా కూర్చున్నాం. టీ వచ్చింది. ఆవిడ తాగారు. విషయం ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన కర్ర రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"వాళ్ళిద్దరూ ఒకే బెంచీలో కూర్చుంటన్నారని నాకెవరూ చెప్పలా" అన్నాడు.

"చెబితే ఏం చేసేవాళ్ళు అన్నయ్యా?"

"మాన్పించేవాణ్ణి."

"కూర్చోబెట్టింది నేనే. ఇద్దరూ ఒకే ఎత్తు."

ఆయన మౌనిక వంక చూశాడు. ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది, చూపు తిప్పుకోలేదు. "తీసకపోండి" అన్నాడు చివరికి. "మీరు మాత్రం దగ్గరుండాలి."

ఆవిడ ఆ సాయంత్రం మౌనిక చెయ్యి పట్టుకుని ఊరి మధ్యలోంచి నడిచారు. బండి వద్దన్నారు. చాటుగా చేసినట్టుంటే తప్పు చేసినట్టుంటది అన్నారు. నేను వెనక నడిచాను. కిందబజారు బంకు దగ్గర మాటలు ఆగిపోయాయి. పైబజారు బంకు దగ్గర ఒకడు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ రెండు చోట్లా ఉన్నవాళ్ళని పేరు పెట్టి పలకరించారు. ఎవరూ అడ్డం రాలేదు.

శైలజ వాళ్ళ గేటు దగ్గర ఆవిడ ఆగిపోయి, మౌనిక చెయ్యి వదిలేశారు. మీరు రారా మేడం అన్నాను. "నాకేం పని మాస్టారూ లోపల? అది వాళ్ళ మాట" అన్నారు. ఇంత దూరం నడిపించి తెచ్చిన మనిషి, సరిగ్గా ఆ గడప దగ్గర వెనక్కి తగ్గడం నాకు ఆశ్చర్యమనిపించింది. ఆవిడను నేను చాలా సందర్భాల్లో మెచ్చుకున్నాను గాని, చేతులెత్తి దండం పెట్టాలనిపించింది మాత్రం అప్పుడే.

వసారాలో మంచం మీద శైలజ వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల ఎవరో గుర్తుపట్టాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. శైలజ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మౌనిక ఆయన వంక చూడలేదు. నేరుగా శైలజతోనే అంది, గేటు దగ్గరున్న మాకూ వినపడింది.

"ఏమే, నాకు ఆరో తరగతిలోనే తెలుసే. మా ఇంట్లో రోజూ చెప్పుకుంటారు. తెలిసే నీ పక్కన కూర్చున్నా. ఇప్పుడు నువ్వు లేచిపోతే ఎట్టా?"

శైలజ ఏమందో నాకు వినపడలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వాళ్ళ నాన్న మంచం మీద అలాగే, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముఖం వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడ చూస్తున్నారు.

కాసేపటికి ఆయనే లేచి గేటు దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఆ మాస్టారుతో ఏం చెప్పించొద్దులే. పిల్ల వచ్చిద్ది రేపు."

"సెంటర్లో చెప్పడు అన్నయ్యా. క్లాసులో చెప్తాడు. అది మీ కోసం కాదు."

ఆయన తల ఊపాడు. లోపలి నుంచి పిల్లల మాటలు వినపడుతున్నాయి. పొద్దు గూట్లో పడుతోంది. "ఆ పిల్లని ఇంటికాడ ఎవరు దింపుతారు?" అని అడిగాడు. మేమే దింపుతామన్నారు ఆవిడ. ఆయన కండువా సర్దుకుని, "నేనూ వస్తా" అన్నాడు.

ఆవిడ పదండి అనలేదు, వద్దు అని కూడా అనలేదు. మౌనిక రాగానే నలుగురం నడిచాం. కిందబజారు మొదలయ్యే మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. అక్కడి నుంచి మౌనిక వాళ్ళ ఇల్లు కనపడుతుంది. పెదనాన్న గుమ్మం ముందు కర్ర ఆనించి నిలబడి, పిల్ల కోసం దారి చూస్తున్నాడు. ఆయన ఈయన్ని చూశాడు. ఈయన ఆయన్ని చూశాడు. మౌనిక వాళ్ళింట్లోకి వెళ్ళేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. తరవాత శైలజ వాళ్ళ నాన్న వెనక్కి తిరిగి, తల వంచుకుని పైబజారు వైపు వెళ్ళిపోయాడు.

నాకు గుండె నిండిపోయింది. బస్టాండు దాకా ఆవిడతో నడుస్తూ, ఇంతటి పని జరిగినందుకు ఏదో ఒకటి అనాలని మాటలు వెతుక్కుంటున్నాను. ఊరి సంగతి, కక్షల సంగతి, మార్పు సంగతి, పెద్ద పెద్ద మాటలే తడుతున్నాయి. ఆవిడ అవేవీ ఆలోచిస్తున్నట్టు లేదు. పిడుగురాళ్ల బస్సు లైట్లు కనపడ్డాక అడిగారు.

"మాస్టారూ, రేపు టెన్త్‌కి లెక్కలు ఎన్నో పీరియడ్?"

"మధ్యాహ్నం మేడం, ఆఖరిది."

"పొద్దున మొదటి పీరియడ్‌కి మార్చండి. సారు చెప్పేది ఏదో అప్పుడే చెప్పేస్తాడు. సాయంత్రం దాకా ఆ పిల్ల ఎప్పుడు చెప్తాడా అని ఎదురుచూస్తా కూర్చోవాలా?"

అని బస్సెక్కి వెళ్ళిపోయారు.